కెమెరా వైపు చూసి ‘బిడ్డా, బాగున్నవా’ అన్నవాళ్లు: సుమంత్రుడి దగ్గర నేను నేర్చుకున్న పాఠం

మామూలుగా ఈ పోస్టుల్లో వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన శ్లోకార్థాలు, వ్రత విధానాలు రాస్తుంటాను. ఈసారి టైమ్ సరిపోయినా నేను కావాలని తీసేసిన దాని గురించి రాస్తున్నాను. కందకుర్తి కార్తీక పౌర్ణమి వీడియో చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. చూడనివాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాను.

మాది రెంజల్. నిజామాబాద్ జిల్లాలో బోధన్ పక్కన ఉంటుంది. ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. వారమంతా ఆఫీస్ పని, శని ఆదివారాలు మన ఛానెల్ ఎడిటింగ్. మా మండలంలోనే గోదావరి ఒడ్డున కందకుర్తి ఉంది. మహారాష్ట్ర దాటి గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. మంజీర వచ్చి ఇక్కడే కలుస్తుంది, హరిద్ర కూడా కలుస్తుందని చెప్తారు కాబట్టి మాకు ఇది త్రివేణి సంగమం. నదిలోనే ఒక పాత రాతి శివాలయం ఉంటుంది. వరద వస్తే మునిగిపోతుంది, నీళ్లు తగ్గితే మళ్లీ పైకి తేలుతుంది. వంతెన దాటితే ధర్మాబాద్ వైపు, అంటే మహారాష్ట్ర. అందుకే పౌర్ణమి రోజు ఘాట్ మీద తెలుగు ఎంత వినబడుతుందో మరాఠీ కూడా అంత వినబడుతుంది.

కార్తీక పౌర్ణమికి నేను, ఇద్దరు ఫ్రెండ్స్ తెల్లవారుజామునే కెమెరా తీసుకుని వెళ్లాం. ప్లాన్ సింపుల్. స్నానం చేసి వచ్చినవాళ్లని “ఈ రోజు నదీ స్నానం ఎందుకు చేస్తారు, మీ ఇంట్లో పద్ధతి ఏంటి” అని అడగాలి, వాళ్ల జవాబుల మధ్యలో శాస్త్రం ఏం చెప్తుందో మేం చెప్పాలి.

జవాబులు బాగానే వచ్చాయి. కానీ ప్రతి ఒక్కరూ జవాబు అయిపోగానే నా మీద నుంచి చూపు తీసి నేరుగా లెన్స్‌లోకి చూశారు. ఒకాయన గొంతు సవరించుకుని, “మస్కట్‌ల ఉన్న మా తమ్మునికి, మా మరదలికి, పిల్లలకు అందరికి శివయ్య దీవెనలు” అన్నాడు. ఒకామె తడి కొంగు పిండుకుంటూనే పుణెలో ఉన్న కూతురికి మరాఠీలో ఏదో చెప్పి, చివర్లో దీపం ఎత్తి చూపించింది. ఇద్దరు పిల్లలు వాళ్ల అమ్మమ్మ పేరు గట్టిగా అరిచి పారిపోయారు. ఇంకొక పెద్దామె అడిగినదానికి రెండే ముక్కల్లో జవాబిచ్చి, షార్జాలో ఉన్న కొడుకుతో నిమిషం పైన మాట్లాడింది. తిన్నావా, మోకాలు నొప్పి తగ్గిందా, కొత్త మేస్త్రి మంచోడేనా, నువ్వు పంపిన పైసలతో ఇంటి కప్పు వేయించినం, ఇట్లా. కెమెరాకి అవతల కొడుకు నిజంగా కూర్చున్నట్టే, మధ్యలో జవాబు కోసం ఆగింది కూడా.

ఒక కుర్రాడు మాత్రం “అన్నా, నా మొహం రావొద్దు, ఆఫీసులో జ్వరం అని చెప్పిన” అన్నాడు. అతన్ని బ్లర్ చేశాం.

ఎడిటింగ్‌కి కూర్చున్నాక ఈ పలకరింపులన్నీ తీసేశాను. నా లాజిక్ మీకు తెలిసిందే. జనం ఏ సెకనులో వీడియో వదిలేసి వెళ్లిపోతున్నారో గ్రాఫ్ చూపిస్తుంది. తెలియని మనిషి ఎవరికో హాయ్ చెప్తుంటే ఎవరు చూస్తారు? ఇది భక్తి వీడియో, ఇందులో మేస్త్రి సంగతి ఎందుకు? వీడియో పెట్టాను, బాగానే వెళ్లింది. తర్వాతి షూట్ కోసం మెమరీ కార్డ్ ఫార్మాట్ చేసేశాను. ఆఫీసులో బ్యాకప్ గురించి జూనియర్లకి క్లాసు పీకే నేనే ఆ పని చేశాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మతో అంగడికి పోతే అక్కడ ఆ షార్జా పెద్దామె కనబడింది. ఘాట్ మీద గుర్తుపట్టలేదు గానీ, ఆమె మా అమ్మకి వరసకి అక్క అట. అంటే నాకు పెద్దమ్మ.

“నన్ను తీసేసినవా బిడ్డా?” అంది.

కోపం ఏమీ లేదు గొంతులో. కూరగాయలు ఏరుకుంటూ అడిగింది. నాకు వెంటనే జవాబు రాలేదు. “వీడియో పెద్దగైతుందని పెద్దమ్మా...” అని నసిగాను.

“మావోడు రూంల అందరిని కూసోపెట్టి చూపిచ్చిండట, మా అమ్మ వస్తది చూడుర్రి అని. రెండుసార్లు చూసిండట. మొఖం లేదు గని, ఓ కాడ నేను పంతులుకు వాని పేరు చెప్పింది వినబడ్డదట. గంతే చాలు తియ్యి.”

ఇంటికి వచ్చి వీడియో పెట్టి చూశాను. పంతులు గారు సంకల్పం చేయిస్తున్న షాట్ అది. ఫ్రేమ్‌లో ఆయన చేతులు, రాగి చెంబు, నీళ్లు. వెనకాల నుంచి ఒక ఆడగొంతు గోత్రం చెప్పి, వరసగా పేర్లు చెప్తుంది. ముందు కొడుకు పేరు, తర్వాత కోడలు, ఇద్దరు పిల్లలు. తన పేరు చివర్లో, అదీ పంతులు గారు అడిగితే. ఆ షాట్‌ని నేను తీయలేదు, ఎందుకంటే అది ‘భక్తి’ కాబట్టి.

అవే పేర్లు, అదే మనిషి, అయిదు నిమిషాల తేడా. పంతులు గారికి చెప్పినప్పుడు ఉంచాను, లెన్స్‌కి చెప్పినప్పుడు కోసేశాను. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది, మన గ్రంథాల్లో దూరంగా ఉన్నవాళ్లని పలకరించడం గురించి ఏముంది అని ఆ పండుగ సెలవుల్లో చదవడం మొదలుపెట్టాను. ఈ పాఠం అలా తయారైంది.

ఖాళీ రథంతో వెనక్కి వచ్చిన మనిషి

వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో 52వ సర్గ తీయండి. శృంగిబేరపురం దగ్గర గంగ ఒడ్డు. అయోధ్య నుంచి రథం తోలుకొచ్చిన సుమంత్రుడిని రాముడు ఇక్కడి నుంచి వెనక్కి పంపించాలి. సుమంత్రుడు నేనూ అడవికి వస్తానని బతిమాలతాడు. రాముడు ఒప్పుకోడు. కారణం కూడా చెప్తాడు. నువ్వు వెనక్కి వెళ్తేనే రాముడు నిజంగా అడవికి వెళ్లాడని కైకేయికి నమ్మకం కుదురుతుంది, లేకపోతే నాన్నగారిని అనుమానిస్తుంది అంటాడు. అంటే సుమంత్రుడు సారథి మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. ‘నేను ఇక్కడ ఉన్నాను, క్షేమంగా ఉన్నాను’ అని ఇంటికి చేరాల్సిన సాక్ష్యం.

ఇప్పుడు 58వ సర్గకి రండి. ఖాళీ రథం అయోధ్య చేరింది. దశరథుడు సుమంత్రుడిని పిలిపించి అడిగే ప్రశ్నలు చూడండి. రాముడు ఏమన్నాడు, లక్ష్మణుడు ఏమన్నాడు, సీత ఏమంది? ఎక్కడ కూర్చున్నాడు, ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు? అవి చెప్పు, వాటితోనే బతుకుతాను అంటాడు చక్రవర్తి. ధర్మం గురించి, రాజ్యం గురించి ఒక్క ప్రశ్న లేదు. కూర్చోవడం, పడుకోవడం, తినడం. మా పెద్దమ్మ లెన్స్‌ని అడిగినవీ ఇవే కదా! మేస్త్రి సంగతి ఒకటే ఎక్కువ.

సుమంత్రుడు ఏం చెప్పాడన్నది నాకు ఇంకా ముఖ్యం. రాముడు చేతులు జోడించి తండ్రి పాదాలకి నమస్కారం చెప్పమన్నాడు. అంతఃపురంలో ఉన్న అందరికీ, ఎవరినీ తక్కువ ఎక్కువ చేయకుండా, నేను క్షేమం అడిగానని చెప్పు, ఎవరికి తగ్గట్టు వాళ్లకి అభివాదం చెప్పు అన్నాడు. కౌసల్యకి వేరే మాట, భరతుడికి వేరే మాట. మా అమ్మని మీ అమ్మలాగే చూసుకోమని భరతుడికి చెప్పమంటూ రాముడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అది కూడా చెప్పాడు సుమంత్రుడు.

తర్వాత లక్ష్మణుడి మాటలు. అవి నమస్కారాలు కావు. ఏ తప్పుకి రాముడిని వెళ్లగొట్టారు, ఈ రాజులో నాకు తండ్రి కనబడటం లేదు అన్న కోపం. కొడుకు దూరమై మంచం పట్టిన ముసలి తండ్రికి ఈ మాటలు చేరవేయాలా? నాలాంటి ఎడిటర్ అయితే ఇక్కడ కత్తెర పెట్టేవాడు. సుమంత్రుడు పెట్టలేదు. అడిగింది దశరథుడు, చెప్పింది లక్ష్మణుడు, మధ్యలో కోయడానికి తనెవరు?

చివరికి సీత. సీత ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ కష్టం తెలియని పిల్ల, నిట్టూరుస్తూ నిలబడి, వాడిపోయిన ముఖంతో భర్త వైపు చూసి, వెళ్లిపోతున్న నన్ను చూసి ఒక్కసారి కళ్లనీళ్లు పెట్టుకుంది, నాతో మాత్రం ఒక్క మాటా అనలేదు అని చెప్తాడు. మాట లేనప్పుడు ఆ మాట లేకపోవడాన్ని కూడా మోసుకొచ్చాడు. ఇది చదివాక నాకు ఘాట్ మీద ఒకావిడ గుర్తొచ్చింది. కెమెరా తన వైపు తిరగగానే ఏమీ అనకుండా దండం పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ‘యూజ్‌లెస్ క్లిప్’ అని నేను మొదట కోసింది అదే.

ఇక్కడ మాట్లాడని సీతే సుందరకాండలో ఎంత మాట్లాడుతుందో గమనించారా? అశోకవనంలో హనుమంతుడు దొరికాక 38వ సర్గలో ఆమె ఇంట్లో వాళ్లకి తప్ప ఎవరికీ తెలియని కాకాసురుడి సంఘటన చెప్తుంది. ఈ మాట పంపింది సీతేనని రాముడికి గుర్తు తెలియాలి కదా. నా తరఫున తలవంచి నమస్కరించి రాముడి సుఖం అడుగు, లక్ష్మణుడి క్షేమం అడిగానని చెప్పు అంటుంది. చివర్లో కొంగున ముడివేసి దాచుకున్న చూడామణి ఇస్తుంది. తను బందీగా ఉండి, బయట ఉన్నవాళ్ల క్షేమం అడుగుతోంది. గల్ఫ్ నుంచి ఫోన్ చేసి ‘నాకేంది, మంచిగున్న, మీరెట్లున్నరు’ అనేవాళ్లని చూసిన ఇంట్లో పెరిగిన నాకు ఇది వెంటనే అర్థమైంది.

ధర్మరాజు లిస్టు

మహాభారతంలో ఉద్యోగపర్వం మొదట్లో సంజయ రాయబారం ఉంటుంది. (సంజయుడు అనగానే ‘మొదటి లైవ్ టెలికాస్ట్’ అని అందరూ వేసే జోక్ నేను వేయను. అది భీష్మపర్వం సంగతి, ఇక్కడ ఆయన వట్టి దూత.) ధృతరాష్ట్రుడి తరఫున ఉపప్లావ్యం వచ్చి తిరిగి వెళ్తున్న సంజయుడికి ధర్మరాజు చెప్పిన పలకరింపులు వ్యాస భారతంలో దాదాపు ఒక అధ్యాయం మొత్తం ఉంటాయి. యుద్ధం జరుగుతుందో లేదో తేలే సమయం అది. ఒక పెద్ద లీడర్ అయితే రెండు షరతులు చెప్పి పంపించేస్తాడు. ధర్మరాజు షరతు కూడా చెప్తాడు, కానీ ముందు ఇంటి మనుషులు.

భీష్ముడు, ద్రోణుడు, కృపుడు, అశ్వత్థామ సరే. విదురుడిని మాకు గురువు, తండ్రి, తల్లి, స్నేహితుడు అన్నీ ఆయనే అంటాడు. దుర్యోధనుడి క్షేమం అడుగు, కర్ణుడి క్షేమం అడుగు. శకుని క్షేమం కూడా అడుగు అంటూనే, మోసపు జూదంలో సాటిలేని వాడని చిన్న చురక వేస్తాడు. తర్వాత ముసలి తల్లులు, కోడళ్లు, ఆడపిల్లలు. ఆడపిల్లల్ని నా తరఫున దగ్గరికి తీసుకుని క్షేమం అడుగు అంటాడు. ఇంకా కిందికి వస్తే దాసీలు, దాసులు, ఏనుగుల మావటివాళ్లు, గూనివాళ్లు, కుంటివాళ్లు, గుడ్డివాళ్లు. పదమూడేళ్లు ఇల్లు వదిలి తిరిగినవాడికి ఆ ఇంట్లో మావటివాడు గుర్తున్నాడు!

మనం చదివే సంక్షిప్త భారతాల్లో ఈ భాగం ఉండదు. కథ ముందుకి నడవదు కాబట్టి తీసేస్తారు. అంటే నా కంటే ముందు చాలామంది ఎడిటర్లు ఉన్నారన్నమాట. అయిదూళ్లు అడగడం అందరికీ తెలుసు, ఈ లిస్టు ఎంతమందికి తెలుసు? యుద్ధానికి ముందు ధర్మరాజు దేన్ని కాపాడుకోవాలని అంత ప్రయత్నించాడో నాకైతే షరతు కంటే ఈ లిస్టులోనే బాగా కనబడింది.

సంకల్పంలో ఏముంది

ఇప్పుడు మళ్లీ కందకుర్తి ఘాట్‌కి, పంతులు గారి రాగి చెంబు దగ్గరికి వద్దాం. సంకల్పం చాలామంది యాంత్రికంగా చేస్తారు, గోత్రం అడిగినప్పుడు మాత్రమే మెలకువ వస్తుంది. కానీ అందులో ఉన్న వరస చూడండి. ముందు కాలం: కల్పం, మన్వంతరం, యుగం నుంచి దిగుతూ సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం దాకా. తర్వాత స్థలం: జంబూద్వీపం నుంచి మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో. మా కందకుర్తి అయితే శ్రీశైలానికి వాయవ్యం, గోదావరి తీరం. మా ఆఫీస్ భాషలో చెప్పాలంటే టైమ్‌స్టాంప్, లొకేషన్. అవి రెండూ పక్కాగా చెప్పాకే మనిషి వస్తాడు: గోత్రం, పేరు. ఆ మనిషి కూడా ఒంటరిగా రాడు, ‘సహకుటుంబానాం’ అని కుటుంబంతో సహా వస్తాడు. ఆ ఒక్క మాటలో ఘాట్ దాకా రాలేనివాళ్లంతా ఉన్నారు. మంచం మీద ఉన్న తాత ఉన్నాడు, షార్జాలో షిఫ్ట్‌లో ఉన్న కొడుకూ ఉన్నాడు.

కెమెరా ముందు మా వాళ్లు చేసింది కూడా దాదాపు ఇదే. “ఇయ్యాల కార్తీక పున్నం, కందకుర్తిల ఉన్న, నేను ఫలానా, మా ఇంటోళ్లందరికి దండాలు” అంటే కాలం, స్థలం, పేరు, కుటుంబం. ఎవరూ నేర్పకుండానే ఆ వరసలోనే చెప్పారు. తేడా లేదని కాదు. సంకల్పంలో కుటుంబం గురించి దేవుడితో మాట్లాడతాం, లెన్స్ ముందు కుటుంబంతోనే మాట్లాడతాం. ఒకటి పూజలో అంగం, ఇంకొకటి కాదు. కానీ ఆ రెండో మాట మొదటిదానికి మైల కాదు, అడ్డం కూడా కాదు. స్నానం చేసిన పుణ్యంలో వాటా పంచడం అనేది మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది. తీర్థం సీసాలో పట్టుకొచ్చి పక్కింటికి కూడా ఇస్తాం కదా.

2020 ఆగస్టులో కరోనా వల్ల భక్తులు కొండకి రాలేనప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం ఆన్‌లైన్ కళ్యాణోత్సవం మొదలుపెట్టింది. టికెట్ తీసుకున్న దంపతులు ఇంట్లోనే సంప్రదాయ బట్టల్లో టీవీ ముందు కూర్చుని, అర్చకులు చెప్పినప్పుడు తమ గోత్రనామాలు చెప్పుకున్నారు. అక్కడ తెరకి ఇటువైపు నుంచి అటు పేర్లు వెళ్లాయి. మా ఘాట్ మీద అటువైపు నుంచి ఇటు వచ్చాయి. మొదటిదాన్ని మనం ఎవరమూ టైమ్ వేస్ట్ అనలేదు.

కెమెరా కొత్తది, పలకరింపు పాతది

మా జిల్లాలో ఒక మాట ఉంది: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. ఇంట్లో ఒక్కరైనా ఈ మూడింటిలో ఒకచోట ఉంటారని. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకు బండ్ల వరస చూస్తూ పెరిగిన పిల్లల్లో నేనూ ఒకడిని. మా తరంలో కొందరు హైదరాబాద్ వచ్చాం, ఎక్కువమంది గల్ఫ్ విమానం ఎక్కారు. కాబట్టి మా దగ్గర పలకరింపు అంటే సరదా కాదు.

వాట్సాప్ లేని రోజుల్లో అక్కడి నుంచి క్యాసెట్లు వచ్చేవి. ఒక వైపు నింపి పంపితే ఇంట్లో వాళ్లు రెండో వైపు మాట్లాడి పంపేవాళ్లు. అంతకు ముందు ఉత్తరాలు. ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టి, పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు ఆశీస్సులు అని పేరుపేరునా రాసి, అసలు విషయం చివరి మూడు లైన్లలో ఇరికించేవాళ్లు. ఉభయ కుశలోపరి అంటే ఇద్దరి క్షేమం అయ్యాక మిగతా సంగతి అని. ధర్మరాజు పాటించిన వరస కూడా అదే.

రేడియోలో కూడా ఇదే జరిగింది. 1957లో వివిధ భారతి మొదలయ్యాక కోరిన పాటల ప్రోగ్రాముల్లో పాట కంటే ముందు చదివే పేర్ల కోసం చెవులు పెట్టుకుని కూర్చున్న ఇళ్లు ఎన్నో. రెండో ప్రపంచ యుద్ధంలో బీబీసీ వెస్టిండీస్ సైనికుల కోసం వాళ్ల ఇళ్లకి పలకరింపులు వినిపించే ప్రోగ్రాం నడిపింది. అమెరికాలో ఫుట్‌బాల్ ఆటగాళ్లు కెమెరా దగ్గరికి రాగానే ‘హాయ్ మామ్’ అనడం ఒక ఆనవాయితీ. ఎక్కడైనా మనిషి పెద్ద తెర మీదికి రాగానే మొదట వెతికేది ఇంటి మనిషినే.

అసలు నేనే ఏం తక్కువ? 2015 జూలైలో గోదావరి పుష్కరాలు వచ్చినప్పుడు కందకుర్తి ఘాట్ మీద ఒక టీవీ రిపోర్టర్ వెనకాల నిలబడి చెయ్యి ఊపిన పోరగాళ్లలో నేనూ ఉన్నాను. నదిలో నీళ్లు తక్కువే గానీ జనం బాగా ఉన్నారు. ఇంటికి వచ్చేసరికి మా నానమ్మ వాకిట్లోనే ఉంది, “కనబడ్డవ్ రా, ఎర్ర అంగీ” అని. ఆ తర్వాత ఊళ్లో ఎంతమందికి చెప్పిందో. పుష్కర స్నానం సంగతి ఎవరికీ చెప్పలేదు, మనవడు టీవీలో కనబడ్డ సంగతే చెప్పింది. అలాంటి నేను పదేళ్లకి టైమ్‌లైన్ ముందు కూర్చుని పది మంది చేతులు ఊపే క్లిప్పులు డిలీట్ చేశాను.

కొన్ని సందేహాలు

‘గుళ్లో కెమెరా పెట్టి హాయ్‌లు చెప్పడం ఏంటి, ఏకాగ్రత పోదా’ అని మీలో కొందరికి అనిపిస్తుంది. న్యాయమైన మాట. గర్భాలయం ముందు, అభిషేకం జరుగుతుండగా, హారతి సమయంలో దేవుడికి వీపు పెట్టి లెన్స్ వైపు తిరగడం తప్పే. ఫోన్లు వద్దన్న గుళ్లో అసలు తీయకూడదు. దర్శనం అయ్యాక, స్నానం అయ్యాక, ఒడ్డు మీదికి వచ్చాక వేరు. సుమంత్రుడికి మాటలు చెప్పింది కూడా గంగ ఒడ్డునే, పడవ ఎక్కే ముందు.

ఇంకొకటి, వాళ్లు కెమెరాకి ఫోజు కొడుతున్నారు, ఇది షో ఆఫ్ అనే మాట. సిటీలో పెరిగిన మనకి కెమెరా అంటే మనల్ని మనం చూపించుకునే వస్తువు, అందుకే అలా అనిపిస్తుంది. మా పెద్దమ్మ నిమిషం మాట్లాడింది గానీ అందులో తన గురించి ఏమైనా చెప్పిందా? ఇంటి కప్పు గురించి చెప్పింది, అదీ కొడుకు పైసలతో వేసిన కప్పు.

అందరూ కనబడాలనుకోరు అన్నది కూడా మర్చిపోవద్దు. ఆ జ్వరం కుర్రాడి సంగతి నవ్వులాటకి చెప్పాను గానీ, అడగకుండా మొహం చూపించకూడదు. కనబడాలని చెప్పినవాళ్లని కోయకూడదు. ఈ రెండూ ఒకటే నియమం అనుకుంటున్నాను.

ఇక మా ఛానెల్‌లో మార్చుకున్నవి. ఎవరైనా ఇంటివాళ్లని పలకరిస్తే అది వీడియో చివర్లో పూర్తిగా ఉంటుంది, మేం మధ్యలో మ్యూజిక్ కూడా వేయం. చూడాలనుకోనివాళ్లు అంతకు ముందే వెళ్లిపోవచ్చు, గ్రాఫ్ పడితే పడనీ. ఒరిజినల్ ఫుటేజ్ రెండు చోట్ల దాస్తున్నాం (నవ్వకండి). ఎవరి క్లిప్ వాళ్లకి వాట్సాప్‌లో అదే రోజు పంపిస్తున్నాం.

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. కందకుర్తిలో మేం ఉంటాం. మీరు వస్తే కెమెరా కనబడిన చోట ఆగండి. స్నానం, సంకల్పం అయ్యాకే రండి, తడి బట్టల్లో నిలబడి చలికి వణకొద్దు. మీ పేరు, ఊరు, ఎవరికి చెప్తున్నారో ముందు చెప్పండి, ఘాట్ మీద మైకుల గోల ఉంటుంది కాబట్టి కొంచెం గట్టిగా. నా మొహం కాదు, నేరుగా లెన్స్ చూడండి. వాళ్ల కళ్లలోకి చూసినట్టు ఉంటుంది. ఏం మాట్లాడాలో తోచకపోతే ఊరికే దండం పెట్టండి, అది కూడా ఉంచుతాం.

శివరాత్రికి ఊరికి వెళ్లినప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. కార్డ్ పోయిన సంగతి చెప్పి, మళ్లీ ఒకసారి ఘాట్‌కి వెళ్లి తీసుకుందామా అని అడిగాను. ఆమె కొత్త కప్పు కింద కూర్చుని బియ్యం చెరుగుతోంది. “అప్పుడు చెప్పింది అప్పుడే అయిపాయె” అంది. కాసేపు చాటలో మట్టిబెడ్డలు ఏరి, “వానకాలంల వాడు చుట్టీ మీద వస్తుండు. ఇద్దర్ని కలిపి తియ్యరాదు, గప్పుడు కోడలికి పంపుదాం. ఆమె పుట్టినింటి కాడ ఉంటది గద” అంది.

వచ్చే వారం సుందరకాండలో చూడామణి ఘట్టం మీద వీడియో ఉంది. 38వ సర్గ ఒకసారి చదువుకుని రండి.